కొత్త మానిటర్ కొనేముందు కేబుల్ చూడండి

మన షోలాపూర్ తూర్పు భాగంలో ఒకప్పుడు ఏ గల్లీలోకి పోయినా మగ్గం చప్పుడు వినిపించేది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఒక మూలకు చిన్న టేబుల్, దాని మీద లాప్‌టాప్ కనిపిస్తున్నది. పిల్లల చదువు దాని మీదనే. కొందరికి పగారు కూడా దాని మీదనే. లాప్‌టాప్ తెర చిన్నది. రోజంతా వంగి చూస్తే మెడ పట్టేస్తుంది, కండ్లు మంట పెడతాయి. అందుకని మనవాళ్ళు సెకండ్ హ్యాండ్ బజారుకు పోయి పెద్ద మానిటర్ ఒకటి తెచ్చి లాప్‌టాప్‌కు తగిలిస్తున్నారు. మంచి పనే.

కానీ తగిలించగానే చాలామంది ఒకటే మాట చెప్తున్నారు. తెర పెద్దగైంది గానీ బొమ్మ మసక. అక్షరాలు ఉబ్బినట్టు కనిపిస్తాయి, అంచులు నూగు లేచిన బట్టలాగ ఉంటాయి. లాప్‌టాప్‌లో చక్కగా కనబడేది పెద్ద తెర మీద పాడుగ కనబడుతున్నది. దుకాణంలో అడిగితే "మానిటర్ పోయింది, కొత్తది తీసుకోండి" అనే జవాబు వస్తున్నది. వేలకు వేలు పెట్టి కొత్తది తెచ్చినవాళ్ళు ఉన్నారు. అంత పెట్టలేక మానిటర్‌ను అటక మీద పడేసి మళ్ళీ చిన్న తెర మీదనే కండ్లు పొడుచుకుంటున్నవాళ్ళు అంతకంటే ఎక్కువ ఉన్నారు.

నేను చూసినంతలో ఇలాంటి మానిటర్లలో నిజంగా చెడిపోయినవి చాలా తక్కువ. తప్పు ఎక్కువసార్లు కేబుల్లోనో, మధ్యన పెట్టిన చిన్న కన్వర్టర్లోనో, లాప్‌టాప్ సెట్టింగులోనో ఉంటుంది. దాన్ని మనమే ఇంట్లో కూర్చుని కనిపెట్టొచ్చు. ఇంగ్లీషు బాగా రావాలని లేదు. నేను చదివింది నాలుగో తరగతి, అదీ తెలుగు బడిలో. మిల్లు మూతపడ్డాక టవల్ కారఖానాల్లో జాకార్డు సాంచల మీద ఏండ్ల తరబడి పనిచేసి రిటైరైనాను. ఈ తెర సంగతి మా మనవడు చెప్పిన నాలుగు ముక్కలతోనూ, నాకు తెలిసిన నేత లెక్కతోనూ అర్థం చేసుకున్నాను. మీకూ ఆ లెక్కలోనే చెప్తాను.

తెర కూడా ఒక బట్టే

బట్టకు పడుగు, పేక ఉన్నట్టే తెరకు నిలువు వరసలు, అడ్డ వరసలు ఉంటాయి. నిలువు వరస, అడ్డ వరస కలిసిన చోట ఒక చుక్క. దాన్నే పిక్సెల్ అంటారు. ఇప్పుడు బజార్లో ఎక్కువగా దొరికే మానిటర్ మీద 1920 × 1080 అని రాసి ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ అనేది దీన్నే. అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080 చుక్కలు. రెండింటినీ గుణిస్తే 20,73,600 చుక్కలు. ఈ లెక్కనే రెజల్యూషన్ అంటారు.

పాత డబ్బా మానిటర్లకు, అంటే వెనక పెద్ద గూడ ఉండేవాటికి, ఈ చుక్కల లెక్క ఇంత కచ్చితంగా ఉండేది కాదు. ఏ లెక్క పంపినా సర్దుకునేవి. ఇప్పటి పలచటి మానిటర్ అట్ల కాదు. రీడులో పోగులు గుచ్చి బీము కట్టిన తర్వాత పడుగు పోగుల సంఖ్య ఎట్ల మారదో, ఈ తెరలో చుక్కల సంఖ్య కూడా అట్ల మారదు. తయారైననాడే ఖాయమైపోయింది.

ఇప్పుడు లాప్‌టాప్ ఆ తెరకు 1024 × 768 లెక్కన బొమ్మ పంపిందనుకోండి. అది 7,86,432 చుక్కల బొమ్మ. తెరలో ఉన్నవి ఇరవై లక్షల పైచిలుకు. మిగతా చుక్కలను ఖాళీగా వదలలేక మానిటర్ ఆ చిన్న బొమ్మను సాగదీసి నింపుతుంది. అడ్డంగా 1024ని 1920 చేయాలంటే ఒక్కో చుక్కకు 1.875 చుక్కల చోటు వస్తుంది. సరిగ్గా రెండు వస్తే గీత గీతగానే ఉండేది. రెండుకు కొంచెం తక్కువ కాబట్టి పక్క చుక్కలో కొంత, ఈ చుక్కలో కొంత రంగు కలిపి సర్దుతుంది. మసక పుట్టేది అక్కడే.

జాకార్డు మీద పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. చిన్న గ్రాఫు మీద గీసిన పువ్వును పెద్ద జాకార్డు మీదికి ఎక్కించాలంటే మళ్ళీ గీయాలి. గీయకుండా గళ్ళు సాగదీస్తే రేకులు మెట్లు మెట్లుగా వస్తాయి. అట్లని సాంచకు తప్పు పట్టం కదా. గ్రాఫు సరిగ్గా రాలేదంటాం. ఇక్కడ మానిటర్ సాంచలాంటిది. లాప్‌టాప్ పంపేది గ్రాఫు.

జోసెఫ్ మేరీ జాకార్డు అనే ఫ్రెంచి ఆయన 1804లో అట్టలకు బెజ్జాలు పెట్టి పువ్వులు నేసే యంత్రం చేశాడు. బెజ్జం ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. అదే బెజ్జాల అట్టల ఉపాయాన్ని తర్వాత అమెరికాలో 1890 జనాభా లెక్కల యంత్రాలకు వాడారు. కంప్యూటర్ల తొలి రోజుల్లో కూడా లెక్కలు అట్టల మీదనే ఎక్కించేవారు. కాబట్టి అట్టలు గుద్దిన మనవాళ్ళు కంప్యూటర్‌ను చూసి బెదరాల్సిన పని లేదు.

ఒక కోడలి పని పోబోయింది

మా పక్కింట్లో ఒక కోడలుంది. నాకు వరసకు కూడా కోడలే. లాప్‌టాప్ మీద టవల్ బార్డర్లకు, చద్దర్లకు డిజైన్లు గీస్తుంది. ఇదివరకు గ్రాఫు కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గళ్ళు నింపేవాళ్ళం. ఇప్పుడు ఆ గళ్ళు తెర మీద నింపుతారు. ఒక గడి తప్పితే ఒక పోగు తప్పినట్టు. చిన్న పిల్ల ఉన్నది కాబట్టి కారఖానాకు పోలేదు, ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. మామ ఆమె కండ్ల బాధ చూడలేక సెకండ్ హ్యాండ్‌లో 22 ఇంచుల మానిటర్ తెచ్చి ఇచ్చాడు.

పెద్ద తెర వచ్చాక పని బాగుపడాల్సింది పోయి చెడింది. గుండ్రటి పువ్వు గుమ్మడికాయలాగ పక్కలకు సాగింది. సన్నటి గళ్ళ గీతలు కొన్ని లావుగా, కొన్ని సన్నగా, కొన్ని అలికినట్టు కనిపించాయి. లెక్క పెడుతుంటే గడి తప్పింది. రెండు శాంపిళ్ళు వాపసు వచ్చాయి. కారఖానా శేటు "ఇంకోసారి ఇట్లయితే పని బయట ఇచ్చుకుంట" అని చెప్పి పంపాడు. మానిటర్‌ను దుకాణానికి తీసుకుపోతే, అక్కడ ఉన్నవాడు ఐదు నిమిషాలు చూసి "ప్యానెల్ పోయింది, కొత్తదానికి ఏడు వేలు" అన్నాడు. ఆమెకు దాదాపు నెల సంపాదన అది.

ఆమె అత్త నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఒక్కసారి చూడుండ్రి, ఏడు వేలు యాడికెల్లి తెస్తం?" అన్నది. నేను, మా మనవడు పోయినం. మేం చూసిన వరసలోనే కింద రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఈ వరసలోనే చూడండి. పైసలు పెట్టనవసరం లేనివి ముందు, పైసలు పెట్టేవి చివర.

మొదటిది: తెర మంచిదా కాదా

మానిటర్ కింద గానీ వెనక గానీ మీటలు ఉంటాయి. అందులో మెనూ అనేది నొక్కండి. వెలుగు తగ్గించడం, పెంచడం లాంటి మాటలతో ఒక చిన్న డబ్బా తెర మీద వస్తుంది. ఈ డబ్బాను లాప్‌టాప్ పంపదు, మానిటరే తన చుక్కలతో గీస్తుంది. ఆ డబ్బాలో అక్షరాలు సాఫుగా ఉండి, దాని వెనక లాప్‌టాప్ బొమ్మ మసకగా ఉంటే తెర మంచిదే. వచ్చే బొమ్మలోనే తేడా. ఆ కోడలి మానిటర్లో మెనూ అక్షరాలు అద్దంలాగ కనిపించాయి. కొత్తది కొనే అవసరం లేదని అప్పుడే తెలిసిపోయింది.

అదే మెనూలో ఇన్ఫర్మేషన్ అనే చోటు ఉంటుంది. ఇప్పుడు ఏ లెక్కన బొమ్మ వస్తున్నదో అక్కడ అంకెల్లో కనిపిస్తుంది. అక్కడ 1024 × 768 అని ఉన్నది. మానిటర్ అసలు లెక్క వెనక చీటీ మీద లేకుంటే, మోడల్ నంబరు ఫోన్లో వెతికితే దొరుకుతుంది. దాని అసలు లెక్క 1920 × 1080. రెండు అంకెలు కలవలేదు. ఈ రెండు అంకెలు కలపడమే మన పని అంతా.

పాతవాటిలో అన్నీ ఫుల్ హెచ్‌డీవి కావని కూడా గుర్తుంచుకోండి. 19 ఇంచుల పాత మానిటర్లు కొన్ని 1280 × 1024వి, కొన్ని 1440 × 900వి ఉంటాయి. 20 ఇంచుల్లో 1600 × 900వి ఉంటాయి. దాని లెక్క ఎంతో అంతే పంపాలి.

రెండోది: ఒకే బొమ్మ రెండు తెరలకు పంపుతున్నారా

లాప్‌టాప్ మీద విండోస్ గుర్తు ఉన్న మీట పట్టుకుని ఇంగ్లీషు పి అక్షరం నొక్కండి. నాలుగు దారులు చూపిస్తుంది. లాప్‌టాప్ తెర మాత్రమే, డూప్లికేట్, ఎక్స్‌టెండ్, రెండో తెర మాత్రమే. డూప్లికేట్ అంటే రెండు తెరల మీదా ఒకటే బొమ్మ. సమస్య చాలా ఇళ్ళల్లో ఇక్కడే ఉంటుంది.

పాత లాప్‌టాప్ తెరలు చాలావరకు 1366 × 768వి. డూప్లికేట్‌లో పెడితే రెండు తెరలకూ కలిసి వచ్చే లెక్క ఒకటి ఎంచుకోవాలి కాబట్టి చిన్న తెర లెక్కకే పెద్ద తెర కూడా దిగిపోతుంది. ఎక్స్‌టెండ్ పెడితే దేని లెక్క దానిది. లాప్‌టాప్ తెర అక్కర లేదనుకుంటే రెండో తెర మాత్రమే అనేది పెట్టండి.

ఆ కోడలి లాప్‌టాప్ డూప్లికేట్‌లోనే ఉన్నది. ఎక్స్‌టెండ్‌కు మార్చాం. అయినా బొమ్మ మారలేదు. అంటే ఇంకో అడ్డు ఉన్నదన్నమాట.

మూడోది: సెట్టింగులో అంకె మార్చడం

లాప్‌టాప్ తెర మీద ఖాళీ జాగాలో మౌస్ కుడి మీట నొక్కితే డిస్‌ప్లే సెట్టింగ్స్ అని వస్తుంది. అందులో 1, 2 అని రెండు డబ్బాలు కనిపిస్తాయి. ఐడెంటిఫై అనేది నొక్కితే ఏ తెర ఏ నంబరో ఆ తెర మీదనే పెద్దగా చూపిస్తుంది. పెద్ద మానిటర్ నంబరు ఉన్న డబ్బా మీద ముందు నొక్కండి. చాలామంది ఇది చేయకుండా లాప్‌టాప్ తెర లెక్క మార్చి, పెద్దది మారలేదని అనుకుంటారు.

తర్వాత కిందికి జరిపితే డిస్‌ప్లే రెజల్యూషన్ అని ఉంటుంది. అక్కడ వరసగా అంకెలు వస్తాయి. ఒకదాని పక్కన రికమెండెడ్ అని రాసి ఉంటుంది. మానిటర్ అసలు లెక్క సాధారణంగా అదే. దాన్ని ఎంచుకుంటే "ఇట్లనే ఉంచాలా" అని అడుగుతుంది, కీప్ అనేది నొక్కాలి. ఏం నొక్కకుండా ఊరుకుంటే కొన్ని సెకండ్లలో పాత లెక్కకే వెనక్కి పోతుంది.

ఆ కోడలి లాప్‌టాప్‌లో ఈ వరస 1024 × 768తోనే ఆగిపోయింది. 1920 × 1080 అనే అంకె అందులో లేనే లేదు. మీ ఇంట్లో కూడా కావలసిన అంకె వరసలో కనిపించకపోతే సెట్టింగుతో పని కాదు. కింది రెండు చూడాలి.

నాలుగోది: డ్రైవర్

లాప్‌టాప్‌లో బొమ్మ తయారుచేసే భాగం ఉంటుంది. దానితో మాట్లాడే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఫార్మాట్ కొట్టించి విండోస్ కొత్తగా ఎక్కించినప్పుడు కొన్నిసార్లు ఇది ఎక్కకుండా మిగిలిపోతుంది. అప్పుడు రెజల్యూషన్ తక్కువలోనే నిలిచిపోతుంది, కొన్నిసార్లు రెండో తెర అసలు వెలగదు కూడా.

చూసే పద్ధతి ఇది. విండోస్ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో డిస్‌ప్లే అడాప్టర్స్ అనే దాన్ని విప్పండి. అక్కడ ఇంటెల్ అనో, ఏఎండీ అనో, ఎన్‌విడియా అనో పేరు ఉంటే డ్రైవర్ ఉన్నట్టే. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవర్ లేనట్టు. అప్పుడు విండోస్ అప్‌డేట్ నడిపించండి. రాకపోతే లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో ఆ కంపెనీ సొంత వెబ్‌సైటు నుంచి దించుకోండి. దీనికి ఎవరికీ పైసా కట్టనవసరం లేదు. డ్రైవర్ ఇస్తాం, కార్డు నంబరు కొట్టండి అనేవాళ్ళను దగ్గరికి రానీయకండి.

ఆ కోడలి లాప్‌టాప్‌లో డ్రైవర్ సరిగ్గానే ఉన్నది. మిగిలింది తీగ ఒక్కటే.

ఐదోది: కేబుల్

మానిటర్ తగిలించగానే లాప్‌టాప్ దాన్ని ఒక మాట అడుగుతుంది, నీలో ఎన్ని చుక్కలు అని. మానిటర్ తన లెక్క చెప్తుంది. ఆ జవాబు కూడా కేబుల్లోని తీగల మీదనే రావాలి. జవాబు రాకుంటే లాప్‌టాప్‌కు తెర సంగతి తెలియదు. ఎక్కువ పంపితే ఏమవుతుందోనని ఏ తెరకైనా సరిపోయే చిన్న లెక్క పంపుతుంది. 1024 × 768 లాంటివి వచ్చేది ఇట్లనే.

నీలం మూతి, రెండు పక్కల స్క్రూలు ఉండే పాత కేబుల్‌ను వీజీఏ అంటారు. 1987లో వచ్చింది. అందులో మూడు వరసల్లో పదిహేను సూదులు. వాటిలో 12వది, 15వది మానిటర్ జవాబు తెచ్చేవి. కొన్ని అగ్గువ కేబుళ్ళలో ఈ తీగలు వేయకుండా వదిలేస్తారు. బొమ్మ వస్తుంది కాబట్టి కొన్నవాడికి అనుమానం రాదు. కొన్నిసార్లు బలవంతంగా గుచ్చినప్పుడు సూది వంగిపోతుంది. పీకి వెలుతురులో ఒకసారి చూడండి. చాలా వీజీఏ కేబుళ్ళలో ఒకటి రెండు సూదులు తక్కువ ఉండడం మామూలే, 9వది చాలాసార్లు ఉండదు, దానికి కంగారు పడకండి. ఇంకో ఇంటి నుంచి మంచి కేబుల్ తెచ్చి మార్చి చూస్తే నిజం తేలుతుంది.

ఆ కోడలి లాప్‌టాప్‌కు ఉన్నది హెచ్‌డీఎంఐ రంధ్రం. దానికి దుకాణంవాడు ఒక చిన్న కన్వర్టర్, దానికి వీజీఏ కేబుల్ పెట్టి ఇచ్చాడు. హెచ్‌డీఎంఐలో బొమ్మ అంకెల రూపంలో పోతుంది, వీజీఏలో కరెంటు ఎక్కువ తక్కువల రూపంలో పోతుంది. మధ్యన కన్వర్టర్ దాన్ని మార్చాలి. అక్కడ కొంత సాఫు పోతుంది, జవాబు రావడానికి ఇంకో మెట్టు పెరుగుతుంది. మేం కేబుల్ పీకి చూస్తే 12 ఉండాల్సిన చోట ఖాళీ.

మా మనవడు మానిటర్‌ను వెనక్కి తిప్పి దుమ్ము తుడిచాడు. వీజీఏ పక్కన తెల్లటి వెడల్పు రంధ్రం ఇంకొకటి ఉన్నది. దాన్ని డీవీఐ అంటారు. ఎవరూ వాడలేదు. హెచ్‌డీఎంఐ, డీవీఐ రెండింట్లోనూ బొమ్మ ఒకే పద్ధతిలో పోతుంది కాబట్టి మధ్యన యంత్రమేమీ అవసరం లేదు. ఒక చివర హెచ్‌డీఎంఐ, ఇంకో చివర డీవీఐ ఉన్న మామూలు కేబుల్ చాలు. 1920 × 1080 హాయిగా నడుస్తుంది. మూడు వందల రూపాయలకు ఆ కేబుల్ తెచ్చి పెట్టాం. వరసలో 1920 × 1080 వచ్చింది, పక్కన రికమెండెడ్ అని కూడా వచ్చింది. పువ్వు గుండ్రమైంది. గళ్ళ గీతలు రీడులోని పోగుల్లాగ సమంగా నిలబడ్డాయి.

ఆమె అత్త తెర దగ్గరికి వచ్చి, "ఇదే మానిటరా, నిన్నటిదేనా?" అని రెండుసార్లు అడిగింది. ఆ వారం కోడలు ఇచ్చిన శాంపిల్ ఒక్కసారిలో పాసైంది. దుకాణంవాడిని నేను తిట్టను. వాడి పని అమ్మడం. పైసలు మనవి కాబట్టి చూసుకునే పని మనది.

రంధ్రాన్ని బట్టి కేబుల్

మీ లాప్‌టాప్, మానిటర్ రెండింటికీ హెచ్‌డీఎంఐ ఉంటే నేరుగా ఒకే కేబుల్ పెట్టండి, మధ్యన ఇంకేదీ వద్దు. మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే కన్వర్టర్ తప్పదు. అప్పుడు కేబుల్ మాత్రం పూర్తి తీగలున్నదే తీసుకోండి, పెట్టిన తర్వాత మానిటర్ మీద ఆటో అనే మీట ఒకసారి నొక్కండి. వీజీఏలో బొమ్మ పక్కకు జరిగినా, గీతలు వణికినా అది సర్దుతుంది.

కొత్త లాప్‌టాప్‌లలో ఫోన్ ఛార్జర్‌లాంటి చిన్న యూఎస్‌బీ-సి రంధ్రం ఉంటుంది. అన్ని యూఎస్‌బీ-సి రంధ్రాలూ బొమ్మను పంపవు. కొన్ని ఛార్జింగుకు, ఫైళ్ళకు మాత్రమే. ఫోన్‌తో వచ్చిన ఛార్జింగు తీగ కూడా చాలాసార్లు బొమ్మను మోయదు. కొనేముందు లాప్‌టాప్ మోడల్ నంబరు చూపించి, ఈ రంధ్రం నుంచి డిస్‌ప్లే వస్తుందా అని అడగండి.

4కే తెర, అంటే 3840 × 2160, ఉన్నవాళ్ళకు ఇంకో మాట. పాత లాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ 1.4 రకమైతే ఆ లెక్కను సెకనుకు 30 సార్లే పంపగలదు. మౌస్ జరిపితే తడబడినట్టు ఉంటుంది. సెకనుకు 60 సార్లు కావాలంటే లాప్‌టాప్, కేబుల్, మానిటర్ మూడూ 2.0 రకానికి తగ్గకూడదు. సాంచ నిమిషానికి ఎన్ని పిక్కులు వేస్తుందో చూసుకున్నట్టే ఇదీ చూసుకోవాలి.

టీవీకి తగిలించేవాళ్ళు కూడా మనలో చాలామంది ఉన్నారు. 32 ఇంచుల టీవీల్లో హెచ్‌డీ రెడీ అని రాసినవాటిలో తెర చాలావరకు 1366 × 768దే. ఇంచులు పెరిగినంత మాత్రాన చుక్కలు పెరగవు. మూరెడు వెడల్పు గుడ్డకు ఉన్న పోగులనే రెండు మూరలకు పరిస్తే జల్లెడ అవుతుంది కదా, అట్లనే ఆ టీవీ మీద దగ్గర కూర్చుని చదివితే చుక్కలు కనిపిస్తాయి. టీవీలో బొమ్మ అంచులు తెగిపోతుంటే పిక్చర్ సైజు అనే సెట్టింగులో జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది. అది పెట్టండి.

పెద్దవాళ్ళ కండ్లకు ఒక మాట

రెజల్యూషన్ సరిచేయగానే ఇంట్లో పెద్దవాళ్ళు, "అక్షరాలు చీమల్లాగ అయినయి, పాతదే మంచిగుండె" అంటారు. పిల్లలు వాళ్ళ కోసం మళ్ళీ రెజల్యూషన్ తగ్గిస్తారు. అట్ల చేయకండి. అదే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ అని ఉంటుంది. 100 శాతం ఉన్నదాన్ని 125 గానీ 150 గానీ చేయండి. అక్షరాలు పెద్దవవుతాయి, చుక్కలు మాత్రం అన్నీ పనిచేస్తాయి కాబట్టి అంచులు సాఫుగానే ఉంటాయి. రెజల్యూషన్ తగ్గిస్తే అక్షరం పెద్దగై మసకవుతుంది. స్కేల్ పెంచితే అక్షరం పెద్దగై తేటగా ఉంటుంది. మిల్లులో తెగిన పోగులు వెతికి వెతికి కండ్లు అరిగినవాళ్ళం మనం. ఈ తేడా తెలుసుకుంటే పిల్లల పక్కన కూర్చుని మనమూ చదువుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

బజారుకు పోయేటప్పుడు మీ లాప్‌టాప్ తీసుకుపోండి. దుకాణంవాడి కంప్యూటర్ మీద కాకుండా మీదాని మీదనే వెలిగించి చూపించమనండి. మానిటర్ మెనూలో ఇన్ఫర్మేషన్ తెరిచి వచ్చే లెక్క, దాని అసలు లెక్క ఒకటేనా చూడండి. తెల్లటి కాగితంలాంటి ఖాళీ పేజీ పెట్టి గీతలు, నల్ల చుక్కలు, పసుపు మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఈ మచ్చలు, గీతలు మెనూ డబ్బా మీద కూడా కనిపిస్తే అది నిజంగా తెర చెడిపోయినట్టే. అప్పుడు ఏ కేబుల్ మార్చినా లాభం లేదు, వదిలేసి రండి. వెనక ఏ ఏ రంధ్రాలున్నాయో చూసి, హెచ్‌డీఎంఐ గానీ డీవీఐ గానీ ఉన్నదానికి మొగ్గు చూపండి.

ఇంటికి తెచ్చాక ఒక చిన్న కాగితం మీద మూడు సంగతులు రాసి మానిటర్ వెనక అంటించండి. దాని అసలు రెజల్యూషన్ అంకె, వెనక ఉన్న రంధ్రాల పేర్లు, ఏ కేబుల్‌తో సరిగ్గా వచ్చిందో దాని పేరు. రేపు ఇల్లు మారినా, లాప్‌టాప్ మారినా, మానిటర్ ఇంకో ఇంటికి పోయినా ఆ చీటీ పనికొస్తుంది. మా గల్లీలో ఇప్పటికి నాలుగు మానిటర్ల వెనక ఈ చీటీలు అంటించి ఉన్నాయి. అందులో రెండు అటక మీద నుంచి దించినవే.